తువ్వాల కింద మొదటి వేలు

నేను పశువుల దళారిని. పెబ్బేరు అంగడిలో ముప్పై ఏళ్లకు పైగా ఎడ్లకూ బర్రెలకూ బేరాలు కుదిర్చాను. నోరు పెద్దది. ఆ కొసన నేను అరిస్తే ఈ కొసన చాయ్ తాగేవాడు ఉలిక్కిపడతాడని నలుగురూ నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం! కానీ మా పనిలో అసలు మాట, అంటే ధర, నోటితో చెప్పరు. కొనేవాడు, నేను చేతులు కలుపుతాం, పైన తువ్వాల కప్పుతాం. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు. పైన నోళ్లు వానల గురించో పల్లీ పంట గురించో మాట్లాడుతుంటాయి, కింద వేళ్లు సంగతి తేలుస్తుంటాయి. చుట్టూ యాభై మంది నిలబడి చూసినా ఒక్కడికీ తెలియదు.

ఇందులో ఒక పద్ధతి ఉంది. మొదట పట్టుకునే వేలు అసలుది కాదు. అది అందరికీ తెలుసు. అవతలివాడు దాన్ని విదిలించి కొట్టాలి, "ఏందిది, ఆటలా?" అని కసురుకోవాలి, అప్పుడు రెండోసారి, మూడోసారి పట్టుకోవాలి. అట్లా పోగా పోగా నిజం దగ్గరికి వస్తాం. మొదటి వేలికే సరేనన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇద్దరు తప్ప. వాళ్ల సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

నా భార్యకు ఈ విద్య నేనే నేర్పాను. శనివారం అంగడి నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోనీయకుండా నా చెయ్యి లాక్కుని కొంగు కప్పేది. "ఇయ్యాల ఎన్ని జతలు అమ్మినవ్?" అనేది. నేను కావాలని తప్పు వేళ్లు పట్టుకునేవాణ్ణి. "అబద్ధం!" అని విదిలించేది. ఎట్లా కనిపెట్టేదో నాకు ఈ రోజుకీ తెలియదు. నా మొహం చూసేది కాదు, చేతితోనే పట్టేసేది.

మూడేళ్ల కింద ఆమె పోయింది. కడుపులో గడ్డ అన్నారు. హైదరాబాదుకు తీసుకుపోయాం, తెచ్చుకున్నాం, పదకొండు రోజులు ఉంది, పోయింది. ఉన్న ఒక్క బిడ్డ ఉప్పునుంతలలో అత్తగారింట్లో ఉంటుంది. దినాలయ్యాక వారం ఉండి వెళ్లిపోయింది. ఉండమని ఎట్లా అంటాను? ఆమెకు పత్తి ఉంది, ఇద్దరు పిల్లలున్నారు.

మొదటి ఏడాది బాగానే ఉన్నాననుకున్నాను. అంగడికి పోయేవాణ్ణి, అరిచేవాణ్ణి. తర్వాత ఏమైందో మరి. పొద్దున ఒకసారి అన్నం వండి రెండు రోజులు అదే తినడం మొదలుపెట్టాను. టీవీ పెట్టి గోడ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక రోజు బర్రెతో గంటసేపు మాట్లాడి, అది తల తిప్పుకుంటే దాని మీద కోపం వచ్చి మేత వేయలేదు. సిగ్గేసింది. ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. వారం మొత్తంలో నన్ను ఇంకో మనిషి తాకేది శనివారం ఒక్కనాడే, అదీ తువ్వాల కింద, బేరం కోసం.

నిరుడు వానాకాలం వచ్చేసరికి బతకబుద్ధి పూర్తిగా పోయింది. ఏడుపు లేదు, నొప్పి లేదు. పొద్దున లేవగానే, ఇంకా ఉన్నానే అనిపించేది. దాని తర్వాత రోజంతా ఆ ఒక్క ఆలోచనే. ఎవరితో చెప్పాలి? దళారి చేతిలో చెయ్యి పెట్టాలంటే అవతలివాడికి నమ్మకం ఉండాలి. వీడికి తలకాయ ఖరాబైందట అని ఒక్క మాట బయటికి పోయిందా, ఇక ఆ చెయ్యి ఎవడూ పట్టుకోడు. మిగిలిన ఆ ఒక్క శనివారం కూడా పోతుంది.

నెలకోసారి బీపీ గోళీల కోసం సర్కారు దవాఖానకు పోతాను. మా ఊరికి మూడు కిలోమీటర్లు. ఆ నెల సిస్టర్ నన్ను తూకం మీద నిలబెట్టి, పుస్తకం చూసి, మళ్లీ నిలబెట్టింది. "ఏంది పెద్దాయనా, సగమైనవ్?" అని డాక్టర్ దగ్గరికి పంపింది.

డాక్టర్ కుర్రవాడు. మానవపాడు దిక్కు రైతు బిడ్డ. వచ్చి ఏడాది కూడా కాలేదు. గది అంతా కలిపి మా బర్రె కొట్టమంత ఉంటుంది. బల్లకు ఇటు నేను, పక్కనే సూదులు సర్దుతున్న సిస్టర్, తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడుతున్న జనం. అందులో సగం మంది మా ఊరివాళ్లు. నా చేతుల మీదుగా ఎడ్లు కొన్నవాడొకడు తల లోపలికే పెట్టి వింటున్నాడు.

"నిద్ర పడ్తుందా?" అన్నాడు డాక్టర్.

"ఆ, పడ్తది."

"ఆకలి?"

"ఆకలికేంది సారూ, మస్తుగ ఐతది."

ఆయన నా మొహం కాసేపు చూసి సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. గొంతు తగ్గించి, "కొన్ని ప్రశ్నలడుగుత. పోయిన పదిహేను రోజుల్ల ఎన్ని రోజులు గట్ల అనిపించిందో చెప్పు చాలు," అన్నాడు. మొదటి ప్రశ్న చదివాడు. ఏ పని మీదా మనసు లేకపోవడం, ఎన్ని రోజులు?

నా నోరు లేవలేదు. అంగడి మొత్తం వినిపించేలా అరిచే నోరు! వెనక నుంచి ఎవరో "జల్దీ కానీయుండ్రి" అన్నారు. భుజం మీద తువ్వాల తీసి బల్ల మీద పరిచాను. "సారూ, జర చెయ్యి ఇయ్యి," అన్నాను.

"ఎందుకు?"

"ఇయ్యి, చెప్త."

పాపం, ఇచ్చాడు. తువ్వాల కప్పి, ఏ వేలికి ఎంతో చెవిలో చెప్పాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "మా దిక్కు అంగళ్లల్ల చూసిన. లోపల ఏం నడుస్తదో ఇయ్యాల తెలిసింది," అని చిన్నగా నవ్వి, మిగతా ప్రశ్నలు నోటితో చదవకుండా కాగితం నా వైపు తిప్పి వేలితో చూపించడం మొదలుపెట్టాడు. నిద్ర. ఆకలి. అలసట. నేను చదువుకోవడం, వేళ్లు పట్టుకోవడం. జనం ఏదో కొత్త వైద్యమనుకుని నోరు తెరుచుకుని చూశారు.

చివరి ప్రశ్న దగ్గర ఆయన వేలు ఆగింది. చచ్చిపోతే బాగుండునని ఎన్ని రోజులు అనిపించింది?

పదిహేనుకు పదిహేను రోజులు. చెయ్యి మొత్తం మూడుసార్లు పట్టుకోవాలి. నేను ఒక్క వేలు పట్టుకున్నాను. ఆయన చిటికెన వేలు.

దాచాలని కాదు. ఒట్టు. ముప్పై ఏళ్ల అలవాటు, మొదటి వేలు అట్లాగే పడింది. ఇప్పుడు విదిలిస్తాడు, "నిజం చెప్పు" అంటాడు, అప్పుడు రెండోసారి పట్టుకుంటాను, మూడోసారికి మొత్తం ఇచ్చేస్తాను అనుకున్నాను. ఎదురుచూశాను.

ఆయన విదిలించలేదు. ఒకటి అని రాసుకున్నాడు.

తర్వాత మంచిగానే మాట్లాడాడు, తప్పు పట్టను. ఏమన్నా చేసుకోవాలనిపించిందా అని మెల్లగా అడిగాడు. "ఛ, లేదు సారూ," అన్నాను. బిడ్డ ఫోన్ నంబర్ అడిగితే, "దాన్నెందుకు పరేషాన్ చేసుడు?" అని కసిరాను. గోళీలు రాసిచ్చి, రోజూ వేసుకోవాలని, గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుందని, పదిహేను రోజులకు రమ్మని, మనసు ఇంకా ఖరాబైతే ఆ రోజే రావాలని రెండుసార్లు చెప్పాడు. నా చెయ్యి వదిలేశాడు. బయటికి వచ్చి తువ్వాల భుజాన వేసుకున్నాను. బేరం చేయకుండా ఒప్పుకున్నాడే అని, మూడు కిలోమీటర్లూ ఆ పిల్లగాడి మీద కోపంతో నడిచాను. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాక కోపం పోయింది. అప్పుడు ఏడ్చాను, ఆమె పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

గోళీలు నాలుగు రోజులు వేసుకుని మానేశాను. ఎవరి కోసం వేసుకోవాలో అర్థం కాలేదు.

ఆ తర్వాత రెండో వారం, అంగడి రోజున, బర్రెను తోలుకుని అంగడికి పోయాను. మా బర్రె. ఆమె దూడగా ఉన్నప్పటి నుంచి పెంచింది. ఇక దీన్ని చూసుకునేవాళ్లుండరు, మంచి ఇల్లు చూసి అప్పగించాలి అనుకున్నాను. అట్లా ఎందుకనుకున్నానో నాకు తెలుసు. ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ, తెలుసు.

అంగడిలో నాకు సరిసాటి దళారి ఒకడున్నాడు. ఇరవై ఏళ్లుగా మాకు పడదు. వాడి బేరాలు నేను చెడగొట్టాను, నావి వాడు చెడగొట్టాడు. మా ఇద్దరి తిట్లు వినడానికే కొందరు అంగడికి వస్తారు. ఆ రోజు బర్రె కోసం వచ్చిన రైతు తరఫున వాడే నిలబడ్డాడు.

"ఏంది, ఇంటి బర్రెనే తెచ్చినవ్? నీకు బుద్ధి గిట్ల ఉన్నదా?" అని తువ్వాల పరిచాడు.

చెయ్యి పెట్టాను. వాడు మొదటి వేలు పట్టుకున్నాడు. ఎంత తక్కువంటే, తిట్టించుకోవడానికే పట్టుకున్నాడు. నేను విదిలించలేదు. "సరే, తోలుకపొమ్మను," అన్నాను.

వాడు నవ్వబోయి ఆగాడు.

మా పనిలో ఉన్నవాళ్లకు ఒకటి తెలుసు. బేరమాడకుండా అమ్మేసేవాడు వచ్చాడంటే వాడి ఇంట్లో ఏదో జరిగింది, లేదంటే జరగబోతోంది. అట్లాంటి వాళ్లను నేనే ఎందరినో తిట్టి ఇంటికి పంపాను, "పో, పై వారం రా, అప్పటిదాంక అమ్మకు" అని. ఇప్పుడు వాడు నన్ను అట్లా చూస్తున్నాడు. తువ్వాల కింద నా చెయ్యి వదలలేదు.

"నువ్వు బేరమాడుతలేవు," అన్నాడు. గొంతు చాలా చిన్నది. వాడికి అట్లాంటి గొంతుందని నాకు తెలియదు.

"ఇష్టముంటె తీస్కో, లేకుంటె పో!"

"చెయ్యి సల్లగున్నదిరా. ఏమైంది?"

ఇరవై ఏళ్లలో వాడు నన్ను 'రా' అని ప్రేమగా అనడం అదే మొదలు. నేను చెయ్యి లాక్కున్నాను. వాడు తువ్వాల దులిపి భుజాన వేసుకుని, రైతు వైపు తిరిగి, "ఈ బర్రె అమ్మేది కాదు. పోదాం పా," అన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, అంగడంతా వినబడేలా, "దవాఖానకు పోరా ముసలోడా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. మాది మామూలు తిట్లాట అనుకున్నారు.

బర్రె తాడు పట్టుకుని నడుస్తూ అట్లాగే దవాఖానకు పోయాను. మధ్యాహ్నం దాటింది, జనం తగ్గారు. బర్రెను గేటు దగ్గర వేపచెట్టుకు కట్టేశాను. డాక్టర్ అన్నం డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూసి మూత పెట్టేశాడు.

"సారూ, ఆ పొద్దు నేను చెప్పింది మొదటి వేలు," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నాకు కోపం వచ్చింది. "మొదటి వేలు లెక్కకు రాదు సారూ! ఎవ్వడు నమ్మడు దాన్ని! నువ్వు విదిలియ్యాలె, మల్ల అడగాలె! నువ్వట్లనే రాసుకుంటివి!" నా అరుపుకు సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. డాక్టర్ ఆమెను బయటే ఉండమని చెయ్యి ఊపి తలుపు మూశాడు. వచ్చి బల్లకు అటు కాదు, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తనే చెయ్యి చాపాడు.

గదిలో మేమిద్దరమే. తువ్వాల అక్కర్లేదు. అయినా కప్పాను, కప్పకపోతే నాకు రాదు. ఆయన చెయ్యి మొత్తం పట్టుకున్నాను. వదిలాను. మళ్లీ మొత్తం పట్టుకున్నాను. వదిలాను. మూడోసారి పట్టుకుని వదలలేకపోయాను.

"పదిహేను," అన్నాడు ఆయన. "అన్ని రోజులు."

"ఆ."

"ఇయ్యాల?"

"ఇయ్యాల గూడ."

నా చెయ్యి వదలకుండానే ఎడమ చేత్తో ఫోన్ తీసి, వనపర్తి పెద్ద దవాఖానలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మతో మాట్లాడి, సోమవారం నన్ను పంపుతానన్నాడు. గోళీ మార్చాడు. "బిడ్డ నంబర్," అన్నాడు. ఈసారి చెప్పాను. ఆమె ఫోన్‌లో ఏడుస్తుంటే వినిపించింది, సాయంత్రం బస్సుకు వస్తానంటోంది. వచ్చేదాకా దవాఖానలోనే కూర్చోమన్నాడు. తన డబ్బాలోని అన్నం సగం మూతలో పెట్టి నా వైపు జరిపాడు. తిన్నాను. వంకాయ కూర, ఉప్పు తక్కువ. ఆ మాటే అంటే, "వండింది నేనే," అన్నాడు. ఈయన కూడా ఒక్కడే ఉంటాడని అప్పుడు తెలిసింది.

తిన్నాక, "మల్ల ఎప్పుడు రావాలె?" అని అడిగాను.

ఆయన నా తువ్వాల తీసుకుని మా చేతుల మీద తనే కప్పాడు. నా వేలొకటి పట్టుకున్నాడు. ఒక్క రోజు. అంటే రేపే, ఆదివారమైనా సరే.

బిడ్డ వస్తుంది, ఆమెతో వనపర్తికి పోవాలి, రేపే ఏంది మళ్లీ? నేను ఆయన వేళ్లు మూడు పట్టుకున్నాను.

విదిలించి కొట్టాడు. ఎంత గట్టిగా అంటే తువ్వాల జారి కింద పడింది. నా వేలొకటి మళ్లీ గట్టిగా పట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు.

అప్పటికి రెండేళ్లయింది, బేరం కోసం కాకుండా అట్లా నా చెయ్యి ఎవరూ విదిలించి కొట్టక.

"సరే సారూ," అన్నాను. "రేపొస్త."