చక్కెరకు తోడు

మా బొగ్గుబాయి కాలనీలో దుకాణం ఒక్కటే. అది కాదంటే పెద్దపల్లి బస్సెక్కాలి. ఆ సంగతి మాకంటే దుకాణం సేటుకే బాగా తెలుసు. చక్కెర అడిగితే తూకం వేసి, పొట్లం చేతికి ఇవ్వకుండా అట్లే పట్టుకుని "తోడు?" అనేవాడు. తోడంటే ఎవరూ కొనని పచ్చరంగు బట్టల సబ్బు. నురగ రాదు, మురికి పోదు, వాసన మాత్రం వదలదు. అది కొంటేనే చక్కెర. రెండేళ్లలో మా మంచం కింద సబ్బుల గోడ లేచింది.

నాకు ఒళ్లు మండేది. నన్ను కన్న అవ్వ మాత్రం ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు.

ఒక ఎండాకాలం కాలనీలో బర్రెలన్నీ వట్టిపోయాయి, మాది తప్ప. సరిగ్గా అప్పుడే సేటు ఇంట్లో మనవడిని తొట్టెలలో వేసే పండుగ వచ్చింది. సేటే కుండ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"చెల్లె, రేపు శానమంది వస్తున్నరు. జర కుండెడు పెరుగు కావాలె."

అవ్వ కుండ నింపింది. చేతికి ఇవ్వకుండా అట్లే పట్టుకుని "తోడు?" అంది.

సేటు అయోమయంగా చూశాడు. "తోడుకున్న పెరుగే గద చెల్లె, మళ్ల తోడెందుకు?"

"గా తోడు కాదు సేటూ, నీ తోడే" అని అవ్వ మంచం కిందికి వంగి సబ్బులన్నీ బయటికి లాగింది. "గీ సబ్బులు కొంటెనే పెరుగు. వద్దంటే పెద్దపల్లికి బస్సున్నది."

సేటు సబ్బులను, కుండను మార్చి మార్చి చూశాడు. పైసలిచ్చి, సబ్బులు సంచిలో వేసుకుని, కుండ ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఇదంతా చూస్తున్న మా బాపు ముఖం పాలిపోయింది.

"రేపు ఉప్పుకు ఏడికి పోతవే? గాయనకు కోపమొస్తే మనకు ఇంకో దుకాణం లేదు."

అవ్వ ఉప్పు డబ్బా మూత తీసి చూసింది. రెండు రోజులు ఉప్పు పొదుపుగా వేసి వండింది. దుకాణం వైపు మేమెవరం పోలేదు.

మూడో రోజు సేటు కుండ తిరిగి తెచ్చాడు. దాని నిండా చక్కెర.

"ఉత్త కుండ ఇయ్యొద్దు గద చెల్లె. దీనికి తోడేం లేదు" అని గడప మీద పెట్టి గబగబా వెళ్లిపోయాడు.

అవ్వ చక్కెరను డబ్బాలోకి వంచింది. చివర్లో ఏదో దబ్బున పడింది. పచ్చ సబ్బు! అవ్వ నేల మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఆ తర్వాత సేటు ఎవరినీ తోడు అడగలేదు.

ఆ డబ్బా అయిపోయేదాకా మా చాయ్ సబ్బు వాసన కొట్టింది. అయినా అవ్వ మా లైనులో వాళ్లందరినీ పిలిచి పిలిచి మరీ తాగించింది.