డర్బన్ సముద్రం

అమెరికాలోని ఫీనిక్స్ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ కోసం కూర్చున్నప్పుడు పక్కసీటు పెద్దావిడ మాట కలిపింది. నల్లజాతి మనిషి. ఆ పక్కనే ఉన్న చాండ్లర్‌లో నర్సుగా చేసి రిటైరయిందట. సొంతూరు దక్షిణాఫ్రికాలోని డర్బన్.

"అప్పట్లో మా ఊరి మంచి బీచ్ తెల్లవాళ్లకే. వాళ్లింట్లో పనిచేస్తూ మా అమ్మ సముద్రాన్ని కిటికీలోంచి చూసేది, అంతే. మాకూ ఓటు వచ్చాక, మొదటిసారి ఓటేసి, ఇద్దరం తిన్నగా అక్కడికే వెళ్లాం. మోకాళ్ల లోతుకి దిగి, ఎవరైనా తరుముతారేమోనని అమ్మ మాటిమాటికీ వెనక్కి చూసింది. 'ఎవరూ రారమ్మా' అన్నాను."

"ఇంకా లోపలికి వెళ్లారా?"

"లేదు. అప్పటికే ముసలిదైపోయింది. స్వేచ్ఛ కాస్త ముందొచ్చుంటే ఈత నేర్చుకునేది" అంటూ ఆవిడ తల తిప్పుకుంది.

ఇప్పుడు ఏ సముద్రానికి వెళ్లినా, నేనెన్నడూ చూడని ఆ తల్లి గుర్తొచ్చి కాసేపు ఒడ్డునే నిలబడిపోతాను.