పంచె కింద తుపాకి

పగ, తుపాకి, రక్తసంబంధం ఉన్న మహాకావ్యం ఒకటి చెబుతాను. మరీ ఆశ పెట్టుకోకండి. ఇది కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్లే బస్సులో ఒకాయన నిక్కరు జేబు గురించి.

తొంభైల చివర్లో నా పక్కన కూర్చున్నాడాయన. పంచె మోకాళ్ల పైకి ఎత్తి కట్టాడు. చెయ్యి మాటిమాటికీ లోపలి నిక్కరు జేబులోకి పోతోంది. దురదేమోనని కొంచెం జరిగాను.

అందరూ తమిళం మాట్లాడే ఆ బస్సులో నాకు తెలుగు వచ్చని తెలిశాక చెవిలో అన్నాడు: "తుపాకి తంబీ. లైసెన్సు ఉండాది. బావి పంపకంలో మా పెద్దనాయన నన్ను నరికిస్తానన్నాడు. పెద్దదైతే ఉబ్బి కనపడతాదని ఈ చిన్నది కొంటి. జేబుకు సరిగ్గా తోలు ఒర కుట్టిస్తి. బయటికి తెలుస్తా ఉందా?"

"తుపాకి తెలీలేదన్నా. మీ చెయ్యే తెలుస్తా ఉంది."

ఆయన నవ్వలేదు.

సాత్తూరులో తెల్లమీసాల పెద్దాయన ఒకరు ఎక్కారు. నా పక్కనాయన చెయ్యి జేబులోకి పోయింది. నా ప్రాణం సీటు కిందికి దూరింది. అంతలో ఆయన లేచి, ఆ చెయ్యి బయటికి తీసి, ఎత్తి కట్టిన పంచెను పాదాల దాకా దించేశాడు. పెద్దల ముందు మోకాళ్లు కనబడకూడదు కదా. అంత గుడ్డ కింద తుపాకి చేతికందకుండా భద్రంగా ఉండిపోయింది.

"కూసోండి పెద్దనాయనా."

పెద్దాయన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ అడిగాడు: "తింటివా రా?"

"ఇంకా లేదు."

సీటిచ్చినాయన రెండు చేతులతో పైనున్న కమ్మి పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పటికీ ఎవరైనా పంచె దించితే నాకు పోయిన ఊపిరి తిరిగొస్తుంది.

విరుదునగర్ దాకా నిలబడి వెళ్లినా టికెట్టు అదే ధర.