పొలం పరువు కాపాడబోయాను

మునిగినవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. వరదలో మునిగినవాళ్లు, చిట్టీల్లో మునిగినవాళ్లు, పెళ్లి పనుల్లో మునిగినవాళ్లు. ఎండి ఉంటేనే విలువ ఉన్న పొలాన్ని ఏరికోరి తన చేతులతోనే ముంచిన మనిషి గురించి విన్నారా? వినకపోతే ఇదిగో, మీ ముందే కూర్చుని రాస్తున్నాను.

ఇది జరిగి రెండేళ్లయింది. అప్పటికి నాకు యాభై రెండేళ్లు, కాబట్టి చిన్నతనం వల్ల చేశానని తప్పించుకోవడానికి లేదు. కాకపోతే నా అక్షరాల వయసు మాత్రం ఏడాదిన్నరే. యాభై దాటాక సంఘం బడిలో పలక పట్టి అఆలు దిద్దినదాన్ని. ఏడాదిన్నర పిల్ల ఇంట్లో చేసే ఆగం మీకు తెలియనిది కాదు.

కోరుట్ల దగ్గర మా ఊళ్లో మేం పదిమంది ఆడవాళ్లం కలిసి మూడెకరాలు కౌలుకు తీసుకున్నాం. పుట్టినప్పటి నుంచి పరాయి పొలాల్లో నాట్లు వేసినవాళ్లమే. 'మా పొలం' అనే మాట మా నోటికి కొత్త. ఆ మాట అనడానికే ఏ పనీ లేకపోయినా పొలం దాకా పోయి వచ్చేవాళ్లం.

ఆ యాసంగిలో, అంటే ఎండాకాలం పంటకు, బియ్యాన్ని పై దేశానికి పంపే జగిత్యాల మిల్లు ఒకటి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మిల్లు తరఫున తనిఖీలు చేసే అమ్మాయి పేరు స్వాతి. ఆమె ఒడ్డు మీద కూర్చోబెట్టి చెప్పింది: వరి మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిస్తే అడుగున బురదకు గాలి ఆడక ఒక గ్యాసు పుడుతుందట. అది లోకాన్ని వేడెక్కిస్తుందట. మడిని తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపితే ఆ గ్యాసు తగ్గుతుందట. అలా పండించిన బియ్యానికి, కొనే దేశం తన రేవులో పన్ను తగ్గిస్తుందట.

"మా మడిల గ్యాసుకు, వాళ్ల రేవుల పన్నుకు ఏం సుట్టరికం బిడ్డా?" అన్నాను.

"గాలికి ఏ దేశమైతేంది అమ్మా? మీ మడిల లేసింది వాళ్ల నెత్తి మీదికి పోతది. వాళ్లది మీ నెత్తి మీదికి అస్తది."

"మరి వాళ్ల కార్ల పొగ మా నెత్తి మీదికి అచ్చినందుకు మేమేం పన్ను ఏస్తున్నం?"

స్వాతి నవ్వేసింది. "గది అడగాల్సిన మాటనే. కని ముందుగాల గీ గొట్టం పాతుదాం."

ఆ గొట్టం మూరెడు పొడుగు, ఒంటి నిండా రంధ్రాలు. దాన్ని మడిలో పాతితే భూమి లోపల నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కనబడతాయి. అవి జానెడు కిందికి దిగాకే మళ్లీ మోటరు వేయాలి. అప్పటిదాకా మడి పగిలినా కంగారు పడకూడదు. రోజూ గొట్టంలో కొలిచి పుస్తకంలో రాయాలి.

"ఎవరు రాస్తరు?" అంది స్వాతి.

"మా రాజక్క రాస్తది," అంది రజియా. ఊళ్లో మిషను కుట్టే రజియా మా సంఘం లీడరు. "మొన్ననే సదువు నేర్సింది. ఇంకా వేడివేడిగనే ఉంది."

పొలం ఆయన కూడా ఒక మాట అన్నాడు. తనిఖీలో మా మడి నెగ్గి మిల్లు వడ్లు తీసుకుంటే, కౌలు ఇంకో మూడేళ్లు మాకే. లేకపోతే వానకాలం పంట నుంచే వేరేవాళ్లకు. అంటే పదిమంది ఆడవాళ్ల 'మా పొలం' ఆ గొట్టం మీద, నా పుస్తకం మీద నిలబడి ఉంది. నలభై రోజులు నేను దేవుడి దీపం మరిచినా ఆ లెక్క మరవలేదు.

ఇంతలో, తనిఖీకి ఒక్కరోజు ముందు, సిరిసిల్ల నుంచి మా వదిన దిగింది. మా ఆయన అక్క. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బట్ట నేసే సాంచెల చప్పుడులో నూలు కండెలు చుట్టిన మనిషి. జన్మలో నాటు వేయలేదు కానీ చూసిన ప్రతి పొలానికీ వంక పెట్టగలదు. ఆమెను నేనే మురిసిపోతూ పొలానికి తీసుకుపోయాను. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

వదిన ఒడ్డు మీద నిలబడి, ముక్కు మీద వేలేసుకుంది.

"గిదేం మడి మరదలా? నా కాళ్ల మడిమెలే నయం. ఇన్ని పగుళ్లు లేవు."

"గట్లనే ఉండాలె వదినె. కొత్త పద్ధతి."

"ఎండవెట్టుడు గూడ పద్ధతేనా? మోటరు కాలిందని చెప్పరాదు, నేనేమన్న బయటోళ్లకు చెప్తనా?"

"మోటరు మంచిగనే ఉంది."

"కరెంటు?"

"ఉంది."

"బాయిల నీళ్లు?"

"ఉన్నయి వదినె."

"అన్ని ఉండి ఎండవెట్టినవా! రేపు పై దేశపోళ్ల మనిషి సూసిపోను అస్తదంటివి. సుట్టం ఇంటికచ్చిననాడు బోర్లించిన కుండ సూపిస్తరా ఎవరన్న?"

ఆ మాట ముల్లులా దిగింది. గ్యాసు సంగతి నాకు తెలుసు, రేవు సంగతి తెలుసు. కానీ ముప్పై ఐదేళ్లు కూలికి పోయినప్పుడు పగిలిన మడి కనబడితే "ఎవడో సోమరిపోతుది" అని నవ్వుకుంటూ పోయినదాన్ని నేనే కదా. మా దగ్గర గడప దగ్గరికి మనిషి వస్తే ముందు చెంబుతో నీళ్లు, తర్వాతే మాట. అలాంటిది పై దేశం తరఫున వచ్చే మనిషికి నెర్రెలు చూపించడమా? ఒక్క పూటే కదా, చూసి పోయాక ఆరబెట్టుకోవచ్చు అనుకున్నాను. చెప్పుడు మాటలు వింటే చేటు అంటారు పెద్దలు. వదిన మాటలు వింటే చెరువు.

తనిఖీ రోజు పొద్దున్నే వదినను వెంటబెట్టుకుని పోయి మోటరు వేశాను. నెర్రెలు గుటుక్కు గుటుక్కుమని తాగుతుంటే నా కడుపు నిండినట్టుంది. గొట్టంలోకి మాత్రం నీళ్లు మెల్లగా ఊరుతున్నాయి. అంతదాకా ఎవరు ఆగుతారు? చుట్టానికి గ్లాసు నిండా మజ్జిగ పోసినట్టు, బిందెతో అంచు దాకా నింపాను. వదిన ఒక అడుగు ముందుకేసి గొట్టానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఇంట్లో బంతిపూలు దొరకలేదు కానీ, లేకపోతే దండ కూడా పడేది.

పదింటికి స్వాతి, రజియా వచ్చారు. అప్పటికి మడి అద్దంలా మెరుస్తోంది. ఎక్కడి నుంచి కబురందుకున్నాయో గానీ నాలుగు కొంగలు కూడా పెద్దమనుషుల్లా తిరుగుతున్నాయి.

"యా అల్లా!" అంది రజియా. "రాజక్కా, గిదేంది?"

"వాన," అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చి నా నోట్లో పడిందో ఇప్పటికీ తెలియదు.

స్వాతి ఆకాశం వైపు చూసింది. దూదిపింజంత మబ్బు కూడా లేదు.

"ఎప్పుడు పడ్డదమ్మా?"

"పొద్దుగాల."

"పక్క మడిల పడనట్టుంది గదా?"

"గా మడి మాది కాదు గదా బిడ్డా."

స్వాతి గొట్టం దగ్గర వంగింది. "గంత వాన పడ్డా గీ బొట్టు చెదరలేదేంది?"

అప్పుడు నన్ను ఆదుకోవడానికి మా వదిన రంగంలోకి దిగింది.

"వాన లేదు గీన లేదు బిడ్డా! మా మరదలు ఎండవెట్టుకునే సోమరిది గాదు. నాటేసిన సంది గిట్లనే, మోకాలు మునుగుతది. ఎండుడన్నదే ఎరుగదు గీ మడి!"

రజియా కొంగు నోట్లో కుక్కుకుంది. స్వాతి నా పుస్తకం తెరిచింది. "అంటే గీ నలభై రోజులు మీరు రాసిందంతా..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు నేను. నన్ను ఏమన్నా పడతాను. కూలికి పోయిన ఒంటికి మాటలు కొత్త కాదు. కానీ యాభై ఏళ్లకు నేర్చుకున్న ఆ అక్షరాలను అంటే ఎలా?

"రాసిందంతా నిజం బిడ్డా. ఇయ్యాల నేను చేసిందే అబద్ధం," అని మోటరు నుంచి బొట్టు దాకా మొత్తం కక్కేశాను.

స్వాతి నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక కాసేపు కొంగలను చూసింది. "మడి ఆరినంక మళ్ల అస్త. కని ఇయ్యాల నీళ్లెందుకున్నయో మీ చేతితో రాసియ్యండి. కొనేటోళ్లకు పంపాలె."

మా ఆయన గల్ఫులో ఉన్న పదేళ్లూ నేను ఊళ్లోవాళ్ల కాళ్లా వేళ్లా పడి ఉత్తరాలు రాయించుకున్నాను. నాకు రాయడం వచ్చేసరికి ఆయన ఇంటికే వచ్చేశాడు. నా చేతిరాత సముద్రం దాటే యోగం లేదనుకున్నాను. దాటింది. ఏమని? "వాన పడలేదు. మా వదిన నవ్వుతుందని నీళ్లు పెట్టాను. ఇట్లు రాజవ్వ."

ఆ రోజే ఒడ్డుకు గండి కొట్టి, పదిమందిమి తట్టలతో, బకెట్లతో నీళ్లు తోడాం. నన్ను అందరికంటే లోతులో నిలబెట్టారు. అయాచితంగా తడిసిన కింది మడి రైతు వచ్చి దండం పెట్టాడు. "రాజక్కా, ఎల్లుండి గూడ ఎవరన్న సుట్టాలు అస్తరా?"

పదిహేను రోజులకు స్వాతి వచ్చి కొలిచింది. గొట్టం, పుస్తకం ఒకే మాట చెప్పాయి. అయినా పై దేశం నుంచి నా కాగితానికి రెండు ప్రశ్నలు వచ్చాయి. స్వాతి ఒడ్డు మీదే తెలుగులో చదివి వినిపించింది. ఒకటి: వదిన అనే ఆమె ఏ శాఖ అధికారి, మడికి నీళ్లు పెట్టించే అధికారం ఆమెకు ఎవరిచ్చారు? రెండు: ఆమె వల్ల ఇలాంటిది మళ్లీ జరగకుండా ఏ చర్యలు తీసుకుంటారు?

"మొదటిదానికి జవాబు పైనున్నోనికే ఎరుక," అంది రజియా. "రెండోది రాయి రాజక్కా."

వదినకు ఫోను చేసి సంగతి చెబితే, కోపం వస్తుందనుకున్నాను. "అధికారి అన్నరా?" అంది, గొంతు సవరించుకుని. "గట్లనే ఉండనియ్యి. దిద్దకుండ్రి."

నా జవాబు పోయింది, దాని వెనకే మా బియ్యం పోయాయి, రేవులో పన్ను తగ్గింది. పొలం ఆయన మాట మీద నిలబడ్డాడు. మూడేళ్లు మా పొలం మాదే. పంపిన జవాబు ఇదీ, ఒక్క అక్షరం మార్చలేదు:

"పంచభూతాల సాక్షిగా రాజవ్వ అనే నేను ప్రమాణం చేసి రాయునది ఏమనగా, గొట్టం ఒప్పుకోనిదే మోటరు మీద చేయి వేయను. మా నెర్రెలు చూసి ఎవరు నవ్వినా కలిసి నవ్వుతాను. తనిఖీకి వచ్చినవాళ్లకు నీళ్లు చెంబుతోనే ఇస్తాను, మడితో ఇవ్వను. సిరిసిల్ల అధికారి వచ్చినప్పుడు కడుపు నిండా అన్నం పెట్టి, తాంబూలం ఇచ్చి, పొలం వైపు చూడనివ్వకుండా బస్సెక్కిస్తాను. ఆమెను తొలగించడం మాత్రం మా వల్ల కాదు. ఆ పదవి మా పెళ్లితో వచ్చింది."