పిలుపుల బాబాయి

పిలుపుల బాబాయి నోట "అందరూ రండి" అన్న మాట ఎవరూ వినలేదు. టీ వచ్చిందంటే చాలు, ఆఫీసులో ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్ళి, "ఏమ్మా, టీ తాగుదువుగాని రా", "ఏరా అబ్బాయ్, లే లే" అని విడివిడిగా పిలిచేవాడు. ఆఖరి మనిషిని లేపేసరికి మొదటి మనిషి కప్పు కడిగేసుకునేవాడు. బాబాయి తాగేది ఎప్పుడూ చల్లారిన టీయే.

వెబ్‌సైట్లకు థీములు, అంటే వాటి పైరూపాలు, తయారుచేయడం ఆయన పని. పేజీలో బొమ్మలు కదిలించేదొకటి, మెనూ తెరిచేదొకటి, ఇలా ఒక్కో పనికి ఒక్కో స్క్రిప్టు ఫైలు. ఫోల్డర్లో ఉన్నవన్నీ వాటంతటవే లోడయ్యేలా నాలుగు లైన్లు రాస్తే సరిపోతుంది. బాబాయి రాయడు. ఒక్కో ఫైలు పేరూ తానే టైపు చేసి పిలుస్తాడు.

"ఆ నాలుగు లైన్లూ రాసెయ్యొచ్చుగా బాబాయ్, వేళ్ళు అరిగిపోతాయి!" అనేది పక్క సీటు అమ్మాయి.

"వద్దు తల్లీ. పిలిచినవాళ్ళే రావాలి. మిగతావాళ్ళని నిద్రపోనీ."

నిద్ర మాటెత్తితే ఆ అమ్మాయికి ఏడుపొచ్చేది. ఇంట్లో పసిపాప. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే ఊపిరాడుతోందో లేదోనని భయం. ఆఫీసుకొస్తే ఉద్యోగం ఊడుతుందని భయం.

"నా ఫైళ్ళు పనిచేస్తున్నాయా బాబాయ్?" అని, థీముకోసం తాను రాసిచ్చినవాటి గురించి రోజూ అడిగేది.

"పేజీ చూడవే, గుర్రంలా పరిగెత్తట్లా?"

ఒక ఆదివారం బాబాయి నిద్రలోనే పోయాడు. మేనేజరు ఆఫీసు గ్రూపులో కబురు పెట్టి, కింద "అందరూ రండి" అని ఒక్క ముక్క రాశాడు. అందరికీ పెట్టిన కబురే కదా, ఇంకెవరైనా వెళ్తారులే అని సగంమంది ఆగిపోయారు. పాపనెత్తుకుని వెళ్ళిన అమ్మాయికి బాబాయి ఇంటి ముందు సగం కుర్చీలు ఖాళీగా కనిపించాయి. కుర్చీ కుర్చీకీ వెళ్ళి పిలిచే మనిషేమో కదలకుండా పడుకుని ఉన్నాడు.

ఫైళ్ళ పిలుపులు ఇంకా కొన్ని మిగిలిపోయిన బాబాయి థీము ఆమె చేతికొచ్చింది.

"సాయంత్రం కస్టమర్లకి సైటు చూపించాలమ్మా. ఇది గట్టెక్కిస్తే నీ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే నేనేమీ చెయ్యలేను," అన్నాడు మేనేజరు.

కంగారులో ఆమె ఆ నాలుగు లైన్లూ రాసేసింది. ఫోల్డరంతా ఒక్కసారిగా లోడైంది. మెనూ తెరుచుకోలేదు. బొమ్మలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

ఎక్కడ తప్పిందో వెతికింది. బాబాయి ఇన్నాళ్ళూ పిలవని ఫైళ్ళు కొన్ని ఇప్పుడు మేలుకున్నాయి. తెరిచి చూసింది. అన్నీ తనవే! కళ్ళు మూతలు పడుతుంటే రాసినవి, సగంలో వదిలేసినవి, మూయని బ్రాకెట్లు. ప్రతిదాని పక్కనా అదే పని చేసే బాబాయి ఫైలు. పరిగెత్తిన గుర్రం ఆయనది. ఆమె ఫైళ్ళను ఆయన చెరపలేదు, ఎవరికీ చెప్పలేదు. పిలవలేదు, అంతే.

ముక్కు తుడుచుకుంటూ ఆ లైన్లు తీసేసి, ఫైళ్ళను ఒక్కొక్కటిగా పిలిచింది. మెనూ దగ్గర ఆగింది. తన ఫైలు సరిచేసి, ఈసారి దాన్నే పిలిచింది. మెనూ తెరుచుకుంది. బాబాయి ఫైలును నిద్రపోనిచ్చింది.

సాయంత్రం సైటు చూసినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళాక మేనేజరు అడిగాడు. "అన్నీ ఒకేసారి లోడయ్యేలా పెట్టలేదేమ్మా?"

"పిలిచినవాళ్ళే రావాలండీ. టీ వచ్చింది, లేవండి."

అక్కణ్ణించి పక్క కుర్చీకి వెళ్ళింది, ఆ తర్వాత దాని పక్క కుర్చీకి. తన కప్పు దగ్గరికొచ్చేసరికి టీ చల్లారిపోయింది.