ధర చెప్పడం నేర్పిన రూతమ్మక్క

వేసవిలో మా ఇంటి వెనక షెడ్డులో ఆవపిండి కొట్టడం మొదలుపెట్టగానే ఆ ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పనిచేసే ఆడవాళ్లు మూతికి కొంగు కట్టుకుంటారు. నేను మాత్రం అలాగే కూర్చుంటాను. ఆ ఘాటుకి నాకు రూతమ్మక్క గుర్తొస్తుంది. ఆవిడ మాట కూడా అంతే, ముందు మండించేది, తర్వాత తల తేలికయ్యేది.

రూతమ్మక్క తిరువూరు బస్టాండు పక్కన ఇడ్లీ బండి నడిపేది. మా పొదుపు సంఘానికి ఆవిడే లీడరు. పత్తి దెబ్బతిని పిల్లల ఫీజులకు దారిలేని ఏడాది, పచ్చళ్లు పెట్టి అమ్ముకుంటానని సంఘంలో అప్పు అడిగాను. అందరూ సంతకం పెడితేనే బ్యాంకు ఇస్తుంది. ఒకరు కట్టకపోతే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది. అయినా అందరూ సరేనన్నారు. రూతమ్మక్క మాత్రం "రేపు మీ ఇంటికొస్తా" అంది.

అన్నట్టే వచ్చింది. మాగాయ రుచి చూసి, సీసా చేతిలోకి తీసుకుని "ఎంత?" అంది. "మీ దగ్గర డబ్బులేంటక్కా, తీసుకెళ్లండి" అన్నాను. మా ఇళ్లలో పచ్చడి పంచుతారు గాని అమ్మరు. ఆవిడ సీసా కింద పెట్టేసింది. "నా దగ్గరే తీసుకోలేనిదానివి వాయిదా ఏం పెట్టి కడతావమ్మా రాజ్యం? మొహమాటానికి పోతే ఏమవుద్దో పెద్దోళ్లు చెప్పలా? నువ్వు అమ్మటం చూశాకే నా సంతకం" అని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పౌరుషం కొద్దీ బుట్టనిండా సీసాలు పెట్టుకుని వెళ్లి ఆవిడ బండి పక్కనే కూర్చున్నాను.

నా ఖర్మ కొద్దీ, వినగడప బస్సు దిగి మొదట నా దగ్గరకు వచ్చింది మా పిన్నత్తగారు. "ఇదేంటే, మనింటి కోడలివి బస్టాండులో కూర్చోటమేంటి?" అంటూనే ఒక సీసా తీసి సంచిలో వేసుకుంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. రూతమ్మక్క వైపు చూశాను. ఆవిడ ఇడ్లీరేకులు సర్దుకుంటూ తలెత్తలేదు. పిల్లల ఫీజులు గుర్తొచ్చాయి. "ఎనభై అత్తయ్యా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ చెప్పాను. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, పర్సు తీస్తూ "కాయ ఎక్కడిది?" అంది. "రెడ్డిగూడెం తోటదండి." "సర్లే, నిమ్మకాయ పెడితే కబురు చెయ్యి" అని డబ్బు నా చేతిలో పెట్టి వెళ్లింది.

రూతమ్మక్క అప్పుడు తలెత్తింది. మెచ్చుకోలేదు. ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి "తిను. పొద్దున్నుంచీ ఏం తిన్నట్టు లేవు. పది రూపాయలు" అంది. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఆ సాయంత్రమే సంతకం పెట్టింది.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. మొన్న మా కోడలు "సొంతవాళ్ల దగ్గర కూడా డబ్బులు తీసుకోవాలా అత్తయ్యా?" అని అడిగింది. "మనవాళ్లు కొని తింటేనే కదమ్మా పైవాళ్లు నమ్మేది" అన్నాను. అన్నానే గాని, అయినవాళ్లకు ధర చెప్పేముందు ఇప్పటికీ ఒక్క క్షణం తటపటాయిస్తాను. అయినా చెబుతాను. మా పిల్లలిద్దరి చదువులూ ఆ ఒక్క మాట మీదే గట్టెక్కాయి.