స్కాన్‌కు ముందు మింగిన గోలీ

మా అత్త ధనమ్మ కనకమామిడిలో ఫామ్‌హౌస్ తోటలకు నీళ్లు పెడుతుంది. మొండి మనిషి. మొక్కలకు నీళ్లు ఎక్కువయ్యాయని ఓనరు మొత్తుకున్నా వినదు, ఇక కోడలినైన ఈ షారోన్ మాట వింటుందా? రెండేళ్ల కింద ఆమె పేగులో క్యాన్సర్ గడ్డ తీశారు. ఈమధ్య పొత్తికడుపులో ఎడమవైపు మళ్లీ నొప్పి మొదలైంది. రోగం తిరగబెట్టిందో లేదో తేల్చడానికి పెట్ స్కాన్ రాశారు.

మొదటిసారి షుగర్ ఎక్కువుందని స్కాన్ చెయ్యకుండానే పంపేశారు. ఆ రోజు మా మందిరం ఆడవాళ్లంతా ఆమె కోసం ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. బస్సు దిగిన అత్త వాళ్ల ముందు తలెత్తలేకపోయింది.

రెండోసారి తేదీ ఇస్తూ నర్సు గట్టిగా చెప్పింది: "అవ్వా, షుగర్ గోలీ రెండు రోజులు బంద్ పెట్టాలె. లేకుంటే పేగులన్నీ స్కాన్‌ల మెరుస్తయ్. గడ్డ ఉన్నా కనపడది."

అత్త తలూపింది. నేను నమ్మాను, నా తెలివి తగలెయ్య!

స్కాన్ రోజు షుగర్ నూట పద్దెనిమిది. నా భర్త ఎలీషా అక్కడినుంచే, ఉపవాసాలు నడిపే ముత్తమ్మకు ఫోన్ చేశాడు. అతను చెప్పింది షుగర్ తగ్గిందనే. మందిరం చేరేసరికి అది రోగమే పోయిందన్న మాటైంది. ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని అత్తను పిలిచారు. రిపోర్టు రాలేదని నేను కొంగు పట్టి లాగాను.

"నా కోసం రెండుసార్లు కడుపు మాడ్చుకున్నరు బిడ్డా," అంటూ లేచి, "దేవుడు నన్ను బాగుజేసిండు," అంది మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం డాక్టరమ్మ ఫోన్ చేసింది. "పేగులు మొత్తం మెరుస్తున్నాయి. గడ్డ ఉందో లేదో చెప్పలేం. గోలీ ఆపలేదు కదూ? ఆపి మళ్లీ రండి."

అత్తను నిలదీశాను.

"మింగిన. పొద్దున ఒకటి ఎక్కువనే మింగిన. మల్ల వాపస్ పంపుతరని భయమైంది."

"గురువారం పోదాం అత్తమ్మా. ఈసారి గోలీలు నేను దాస్త."

"సాక్ష్యం చెప్పిన గదా. మల్ల స్కాన్‌కు పోతే, నేను అబద్ధమాడినట్టు గాదా?"

"ఆడింది అబద్ధమే గదా!" అని అరిచాను. అత్త లేచి తోటకు వెళ్లిపోయింది.

మూడు గురువారాలు గడిచాయి. నిన్న పైపు లాగుతూ మధ్యలో ఆగి, ఎడమవైపు పొత్తికడుపును రెండు చేతులతో అదిమి పట్టుకుంది. నన్ను చూడగానే చేతులు తీసేసింది.